ట్రాక్టరుకు సరే, ట్రక్కుకు బ్రేకేదీ?

మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడు పల్లెల్లో తెల్లవారుజామునే ట్రాక్టర్ల చప్పుడు వినబడుతుంది. ఊరి మొగలో ట్రక్కు వచ్చి ఆగుతుంది. అన్నం క్యారియర్లు చంకన పెట్టుకుని ఆడకూలీలు ఒకరి చెయ్యి ఒకరు అందుకుని ఎక్కుతారు. ముప్ఫయి మంది, ఒక్కోసారి నలభై మంది. చంటిబిడ్డల తల్లులూ వుంటారు. కూలి ఎంత, బాడుగ ఎవరిది, సాయంత్రం ఎన్నింటికి తిరిగి దింపుతారు, అన్నీ ముందే మాట్లాడుకుంటారు. ట్రక్కుకు బ్రేకు వుందా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చాలా ట్రక్కుల విషయంలో తోలేవాడి దగ్గర జవాబు వుండదు.

ట్రాక్టరుకు బ్రేకు వుంది. దాని వెనుక వచ్చే బండికి లేదు. ఈ ప్రాంతంలో ట్రక్కు అనీ, తెలంగాణ వైపు ట్రాలీ అనీ, రవాణా శాఖ కాగితాల్లో ట్రైలర్ అనీ పిలిచే ఈ బండి చాలాచోట్ల బ్రేకు లేకుండానే షెడ్డు దాటి రోడ్డెక్కుతున్నది. బ్రేకు వున్నవాటిలో కూడా నాలుగు పంటలు గడిచేసరికి అది పేరుకు మాత్రమే మిగులుతున్నది.

రైతు ట్రాక్టరు కొనేటప్పుడు పది షోరూములు తిరుగుతాడు. ఎన్ని హార్స్‌పవర్లు, గంటకు డీజిలు ఎంత తాగుతుంది, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది, బ్రేకులు ఆయిల్లో మునిగి వుండేవా కావా అని ఆరా తీస్తాడు. అదే రైతు ట్రక్కు కట్టించేటప్పుడు రేకు మందం చూస్తాడు, టైర్లు చూస్తాడు, రంగు చెబుతాడు, వెనుక పలకమీద పిల్లల పేర్లు రాయిస్తాడు. బ్రేకు ఊసే రాదు. అడగనిదాన్ని షెడ్డువాడు పెట్టడు. పెడితే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే బేరం పక్క షెడ్డుకు పోతుంది. పాత లారీ ఇరుసు తెచ్చి కట్టిన కొన్ని ట్రక్కులకైతే చూడటానికి డ్రమ్ములు కనిపిస్తాయి. విప్పితే లోపల షూలు వుండవు.

ఇందులో వున్న ప్రమాదం అర్థం కావటానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాటాకు వచ్చిన రైతుకు తెలిసిన లెక్కే. నలభై, నలభై అయిదు హార్స్‌పవర్ల ట్రాక్టరు బరువు అటూ ఇటూగా రెండు టన్నులు. సుమారు నలభై అయిదు కిలోల మిరప టిక్కీలు వంద వేస్తే నాలుగున్నర టన్నులు. ఖాళీ ట్రక్కు బరువు టన్ను నుంచి టన్నున్నర. వెరసి వెనుక వచ్చేది ఆరు టన్నులు. రెండు టన్నుల ట్రాక్టరును ఆపటానికి తయారైన బ్రేకులు ఎనిమిది టన్నులను ఆపాలి. బ్రేకు పట్టే శక్తి పెరగలేదు, ఆపవలసిన బరువు నాలుగింతలయింది. కనుక బండి ఆగటానికి పట్టే దూరమూ సుమారు నాలుగింతలవుతుంది. ముప్ఫయి కిలోమీటర్ల వేగంలో ట్రాక్టరు సెకనుకు ఎనిమిది మీటర్లు పోతుంది. ఎదుట గేదె అడ్డం వచ్చిందని చూసి కాలు బ్రేకు మీదకు చేర్చేసరికే ఒక సెకను గడిచిపోతుంది. అసలు ఆగటం ఆ తరువాతి మాట. ఇరవై కిలోమీటర్ల వేగం ముప్ఫయికి పెరిగితే అణచవలసిన ఊపు ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతలు దాటుతుంది. “మెల్లగానే వచ్చాడండీ” అని ప్రమాదం జరిగిన చోట చెప్పే మాటలో అబద్ధం వుండకపోవచ్చు. ఆ మెల్లదనం ఎనిమిది టన్నులకు సరిపోదు.

అంతకంటె పెద్ద ముప్పు మలుపులో వుంది. ట్రాక్టరు ఆగబోతుంది, ట్రక్కు ఆగదు. వెనుక నుంచి హుక్కు మీద తోస్తుంది. తిన్నని రోడ్డులో ముందుకు తోస్తుంది, మలుపులో పక్కకు తోస్తుంది. ట్రాక్టరు వెనుక చక్రాలు జారి బండి అడ్డం తిరుగుతుంది. రోడ్డు పక్కన పొలం వుంటే అదృష్టం, కాలువ వుంటే కాదు. సాగర్ కుడికాలువ మేజర్ల మీద, మైనర్ల మీద కట్టే రోడ్డు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పల్లం. ట్రాక్టరు అడ్డం తిరిగితే పడటానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

ట్రాక్టరుకు కుడి బ్రేకుకు ఒకటి, ఎడమ బ్రేకుకు ఒకటి, రెండు పెడళ్ళు వుంటాయి. దుక్కిలో గట్టు దగ్గర తిప్పుకోవటానికి వాటిని విడిగా తొక్కుతారు. రోడ్డెక్కగానే ఆ రెండిటినీ కలిపే గొళ్ళెం వేయాలి. వేయకుండా వచ్చినవాడు కంగారులో ఒక్క పెడల్ తొక్కితే ఒక పక్క చక్రమే పట్టుకుంటుంది, ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. వెనుక ఆరు టన్నులు తోస్తుండగా ఇలా తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గొళ్ళెం ఊడిపోయి, దాని జాగాలో తాడుముక్క కూడా లేని ట్రాక్టర్లు ఏ సంతకు పోయినా కనిపిస్తాయి.

దిగుడులో డీజిలు కలిసివస్తుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఒకటి. గేరులో వుంటే ఇంజనే బండిని సగం పట్టి వుంచుతుంది. న్యూట్రల్ చేసినవాడు ఆ పట్టును చేతులారా వదులుకున్నట్టే. ఎడ్లబండి కాలంలో దిగుడు వస్తే బండివాడు కిందకు దిగి, పగ్గాలు బిగబట్టి, ఎద్దుల పక్కన నడిచేవాడు. వెనుక బరువు తోసుకొస్తుందని ఆయనకూ తెలుసు, ఎద్దులకూ తెలుసు. చెవుల్లో పాటలు పెట్టుకుని స్టీరింగు పట్టిన కుర్రవాడికి తెలియకపోవటమే వింత.

ఎండాకాలంలో వినుకొండ, మాచర్ల పరిసరాల్లో తిరిగే నీళ్ళ ట్యాంకర్ల సంగతి మరీ చెడ్డది. అయిదువేల లీటర్ల ట్యాంకరులో నీళ్ళే అయిదు టన్నులు. నిండుగా వున్నదానికంటె సగం నిండినది ప్రమాదకరం. బ్రేకు తొక్కగానే లోపలి నీళ్ళు ముందుకు ఎగదన్ని ట్యాంకరును తోస్తాయి, మలుపులో పక్కకు వాలి తిరగేస్తాయి. లోపల అడ్డు రేకులు వేయించినవాటిలో ఈ ఊపు తక్కువ. రెండు వీధుల్లో నీళ్ళు పోసి మూడో వీధికి వెళ్ళే ట్యాంకరు ఎప్పుడూ సగమే నిండి వుంటుంది. వెళ్ళేది పిల్లలు ఆడుకునే వీధిలోకి.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మిరప కోతకు బయలుదేరిన ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది స్త్రీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. 2022 డిసెంబరులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలో పెళ్ళివారి ట్రాక్టరు బోల్తాపడి ఆరుగురు, 2023 జూన్‌లో గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళుతున్న ట్రాక్టరు పడిపోయి మరికొందరు ఆడవాళ్ళు బలయ్యారు. వీటన్నిటికీ బ్రేకులే కారణమని అంటే అది తొందరపాటు అవుతుంది. వేగం వుంది, తోలేవాడి అజాగ్రత్త వుంది, ఇరుకు రోడ్డు వుంది. కాని ప్రతిసారీ జరిగింది ఒక్కటే. ట్రాక్టరు అదుపు తప్పింది, ట్రక్కునిండా జనం వున్నారు. అదుపు తప్పబోయిన బండిని పట్టి నిలిపే సాధనం వెనుక బండికి లేకపోతే ముందు బండి ఒక్కటీ ఏమి చేయగలదు?

ఇలాంటివి జరిగిన వారం పదిరోజులు పోలీసులు రోడ్ల మీద నిలబడతారు. ట్రక్కులో జనం ఎక్కితే జరిమానా అంటారు. వెనుక ఎర్ర స్టిక్కర్లు అంటిస్తారు. మంచిదే. రాత్రిపూట ఆ స్టిక్కర్లు ప్రాణాలు కాపాడతాయి. కాని ఒక్కరూ వంగి చక్రం లోపల ఏమున్నదో చూడరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే ఇదే. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు గనుక లారీకి మల్లే ఫిట్‌నెస్ పరీక్షకు పోనక్కర్లేదు. రైతుకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించటానికి ఇచ్చిన వెసులుబాటు అది, సబబైనదే. కాని పరీక్ష లేకపోవటమంటే బ్రేకు అక్కర్లేదని కాదు. రిజిస్ట్రేషన్ నెంబరే లేని ట్రక్కుల విషయం ఇక చెప్పేదేముంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షను ఒకటుంది. బండిలో ప్రమాదకరమైన లోపం వుందని తెలిసి నడిపినా, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసివుండేదైనా, నడిపినవాడిదీ నడపనిచ్చినవాడిదీ నేరమే. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలితే మూడు నెలల దాకా జైలు వుంది. “నాకు తెలియదు” అనే మాట చెల్లదు. బీమా సంగతి ఇంకా కఠినం. సరుకు వాహనంలో ప్రయాణికుడిగా ఎక్కిన మనిషికి బీమా కంపెనీ పూచీ పడనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కనుక ట్రక్కు తిరగబడితే పరిహారం కట్టవలసిన భారం వచ్చి ఓనరు నెత్తిన పడుతుంది. మూడెకరాల రైతు ఎకరం అమ్మితే గాని తేలని భారం అది. అవతల చనిపోయిన కూలి ఇంటికి ఆ ఎకరం డబ్బు ఎన్నేళ్ళకు అందుతుందో ఎవరూ చెప్పలేరు.

అమెరికాలో వున్న పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన గుంటూరు, పల్నాడు జిల్లాల పెద్దలు అక్కడి రోడ్ల మీద ఒక చిత్రం చూసే వుంటారు. సెలవుల్లో ఊళ్ళు తిరిగేవాళ్ళు ఒక చిన్న ఇంటినే చక్రాల మీద పెట్టి కారుకు తగిలించుకుని పోతారు. మంచాలు, పొయ్యి, నీళ్ళగది అన్నీ అందులోనే. ఆ ఇంటిబండికి సొంత బ్రేకులు వుంటాయి. చక్రం లోపల కరెంటు అయస్కాంతం వుండి, ముందు కారులో బ్రేకు తొక్కగానే అది పనిచేసి షూలను డ్రమ్ముకు పట్టిస్తుంది. దారిలో హుక్కు ఊడితే ఒక సన్నని తీగ లాగబడి, ఇంటిబండిలోని చిన్న బ్యాటరీ దానంతటదే బ్రేకు వేసేస్తుంది. అనేక రాష్ట్రాల్లో వెనుక బండి మూడువేల పౌన్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటితే బ్రేకు తప్పనిసరి. ఏడాదికోసారి డ్రమ్ములు విప్పించి అయస్కాంతం అరిగిందా, షూ అరిగిందా, తీగ తెగిందా అని చూపించుకోవటం అక్కడ మామూలు. విహారానికి వెళ్ళేవాడి బండికి అంత జాగ్రత్త. ఇక్కడ కూలికి వెళ్ళేవాళ్ళ బండి దానికి నాలుగింతల బరువు మోసినా అడిగేవారు లేరు.

అంత సరంజామా ఇక్కడ కావాలని ఎవరూ అనరు. ట్రక్కులకు వేసే బ్రేకు మొరటుది, తేలికగా అర్థమయ్యేది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల రెండు షూలు, షూలకు అంటించిన లైనర్లు, వాటిని డ్రమ్ముకు ఒత్తే క్యాము, తిరిగి వెనక్కు లాగే స్ప్రింగులు, అంతే. ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్‌తో ఒత్తించే పద్ధతి ఒకటి. ట్రాక్టరు ఆగబోతే ట్రక్కు ముందుకు తోసే ఆ తోపుతోనే కడ్డీ కదిలి బ్రేకు పడే పద్ధతి ఇంకొకటి. చేతితో లాగే లీవరు మాత్రమే వున్నది బండిని నిలిపివుంచటానికే తప్ప నడుస్తున్నప్పుడు ఆపటానికి పనికిరాదు. కొత్త ట్రక్కు కట్టించేవారు ఈ తేడా తెలుసుకుని, నడిచేటప్పుడు పడే బ్రేకే కావాలని షెడ్డువాడిని గట్టిగా అడగాలి.

ఉన్న బ్రేకు బాగున్నదీ లేనిదీ తెలుసుకోవటం కష్టం కాదు. ఖాళీ ట్రక్కును చదునైన నేల మీద పెట్టి, ఒక పక్క చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టి, రెండో పక్క జాకీ మీద ఎత్తాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకు దూరరాదు, ఇరుసు కింద దుంగలు పెట్టాలి. చక్రాన్ని చేత్తో తిప్పితే తేలికగా తిరగాలి. బ్రేకు వేస్తే ఆగిపోవాలి. వదిలితే మళ్ళీ తిరగాలి. వేసినా తిరుగుతుంటే లైనరు అయిపోయింది లేదా కడ్డీ వదులయింది. వదిలినా పట్టుకునే వుంటే క్యాము తుప్పు పట్టింది లేదా స్ప్రింగు చచ్చింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటే బేరింగు వదులయినట్టు. వదులు బేరింగు మీద ఎంత మంచి బ్రేకూ సరిగా పట్టదు.

డ్రమ్ము విప్పితే అసలు కథ బయటపడుతుంది. ఈ ప్రాంతపు ట్రక్కుల బ్రేకులను చంపేది ఎక్కువగా రెండే, గ్రీజు, బురద. ఆయిల్ సీలు పోతే బేరింగులో గ్రీజు కరిగి లైనరు మీదకు వస్తుంది. నల్లగా, నున్నగా మెరుస్తుంటుంది. అలాంటిదాన్ని పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించే పద్ధతి వాడుకలో వుంది. లైనరు లోపలికి పీల్చుకున్న నూనె వేడెక్కగానే మళ్ళీ పైకి వస్తుంది. సీలు మార్చాలి, లైనరు మార్చాలి, వేరే దారి లేదు. దమ్ము చేసిన పొలాల్లోనుంచి, వాగుల్లోనుంచి వచ్చిన ట్రక్కులో బురద చేరి క్యాము బిగిసిపోతుంది, స్ప్రింగులు తుప్పు పట్టి సాగిపోతాయి. స్ప్రింగు చూడటానికి ముక్క కాలేదు గదా అని పాతదే వేస్తారు. షూలు మార్చినప్పుడల్లా స్ప్రింగులూ మార్చటం మేలు.

లైనరు రివెట్ల తలల దాకా అరిగేవరకు ఆగరాదు. రివెట్టు డ్రమ్మును తాకిందంటే గాళ్ళు పడతాయి. లేత్ మీద చెక్కిస్తే చిన్న గాళ్ళు పోతాయి. ఒకటికి రెండుసార్లు చెక్కించి పలచబడిన డ్రమ్ము, పగులు పట్టిన డ్రమ్ము పాత ఇనుముకు వేయవలసిందే. వెల్డింగు పెట్టి తిరిగి వేసే మెకానిక్కు ఎంత పనివాడైనా ఆయన మాట వినరాదు. ఇంకొక సంగతి. ఒక పక్క పాడయితే ఆ ఒక్క పక్కే మార్చి డబ్బు మిగిలిందనుకుంటారు. కొత్త లైనరు ఎక్కువ పడుతుంది, పాతది తక్కువ పడుతుంది, బండి ఒక పక్కకు లాగేస్తుంది. ఒక ఇరుసు మీద రెండు పక్కలా ఒకేసారి మార్చాలి.

విప్పినప్పుడు లోపల వుండే దుమ్మును నోటితో ఊదటం, గాలి పైపు పెట్టి కొట్టటం మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ కలిసేది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవటం మంచిది. బ్రేక్ ఆయిల్ వాడే ట్రక్కులో అది తగ్గిందని చేతికందిన ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం చెడుతుంది. అన్నీ బిగించాక ఖాళీ బండితో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి, నాలుగైదుసార్లు బ్రేకు వేసి, డ్రమ్ముల దగ్గరకు అరచేయి తీసుకుపోతే (తాకనక్కర్లేదు, కాలుతుంది) రెండు పక్కలా వేడి ఒకే తీరున వుండాలి. ఒకటి మంటలా, ఒకటి చల్లగా వుంటే చల్లనిది పని చేయటం లేదని, మండేది వదలటం లేదని అర్థం.

హుక్కు పిన్ను మాట కూడా ఇక్కడే చెప్పాలి. అసలు పిన్ను పోయి, ఏదో ఇనుపకడ్డీ ముక్క దూర్చి తిరిగే ట్రక్కులు లెక్కలేనన్ని. పిన్ను కింద జారకుండా పెట్టే క్లిప్పు వుండదు. గట్టు ఎక్కుతుండగా అది ఎగిరిపడితే ట్రక్కు వెనక్కు పోతుంది, ఆపేవాడెవడు? ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య ఒక గొలుసు అదనంగా కట్టుకుంటే ఖర్చు ఎంత?

ట్రక్కుల్లో జనాన్ని ఎక్కించటమే నిషేధం గదా, ఇక బ్రేకుల గొడవ ఎందుకు అనేవారున్నారు. నిషేధం వుంది. కాని తెల్లవారుజామున కాలువగట్టు పొలానికి బస్సు పోదు. ఆటో ఎక్కితే ఎనిమిది మంది పట్టేచోట పద్దెనిమిది మందిని కుక్కుతారు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళకు ఊళ్ళు ట్రాక్టర్ల మీదే కదులుతాయి. జనం ఎక్కటం మానిపించవలసిందే, అందుకు కూలీలకు వేరే బండి ఏర్పాటు చూపవలసిందే. అది జరిగేదాకా బ్రేకు లేకుండా తిప్పమని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. పైగా బ్రేకు జనం కోసమే కాదు. టిక్కీల ట్రక్కు ఆగకపోతే ఎదురుగా సైకిలు మీద వచ్చేవాడు పోతాడు, బడికి వెళ్ళే పిల్ల పోతుంది.

రెండో అభ్యంతరం ఖర్చు. అరిగిన లైనర్లు, సీళ్ళు, స్ప్రింగులు మార్చటానికి అయ్యేది ఒక కొత్త టైరు ధరతో పోలిస్తే పెద్దది కాదు. టైరు అరిగితే కనబడుతుంది, కనుక మారుస్తారు. లైనరు డ్రమ్ము లోపల వుంది. తేడా అంతే.

రవాణా శాఖ వారు చేయదగిన పని ఒకటుంది. రైతును జిల్లా కేంద్రానికి రప్పించకుండా, మిరప కోతలకు ముందు, వరి నూర్పిళ్ళకు ముందు మార్కెట్ యార్డుల దగ్గర రెండు రోజుల శిబిరం పెట్టి ట్రక్కులు చూడాలి. మొదటిసారి జరిమానా వద్దు. లోపం చీటీ రాసి ఇచ్చి నెల గడువు ఇస్తే రైతులు వస్తారు. జరిమానా పుస్తకంతో వస్తే ట్రక్కులన్నీ దొడ్లలో దాక్కుంటాయి. ట్రక్కులు కట్టే షెడ్ల మీద మాత్రం ఈ మెతకదనం పనికిరాదు. బ్రేకు లేని ట్రక్కుకు రిజిస్ట్రేషనే ఇవ్వకపోతే షెడ్లన్నీ ఒకే దారికి వస్తాయి, బేరం పక్కవాడికి పోతుందన్న భయమూ వుండదు.

అన్నిటికంటె త్వరగా పని జరిపించగలవాడు ముఠా మేస్త్రి. కోతలు ముమ్మరంగా వున్నప్పుడు కూలీల కోసం రైతులే ఆయన చుట్టూ తిరుగుతారు. కూలి రేటు మాట్లాడేటప్పుడే ట్రక్కు బ్రేకు చూపించమని అడిగే చనువు ఆయనకుంది. ఖాళీ ట్రక్కును ఊరి బయట చదునైన రోడ్డు మీద మెల్లగా తోలించి బ్రేకు వేయించి, ట్రక్కు చక్రాలు రెండూ పట్టుకున్నాయా, ట్రాక్టరు పెడళ్ళ మధ్య గొళ్ళెం వుందా, హుక్కుకు అసలు పిన్నూ క్లిప్పూ వున్నాయా అని చూడటానికి పావుగంట చాలు. అది అయ్యాక ఆడవాళ్ళను ఎక్కమనవచ్చు.